అక్కయ్య చేతి గీత

ఆఫీసులో అందరూ ఆమెను ప్లీడరమ్మ అనేవారు. ఆమె చదివింది లా కాదు, జీవరసాయన శాస్త్రం. పనిచేసేది మనిషి ప్రొటీన్లు తయారుచేసి పరిశోధన ల్యాబులకు అమ్మే కంపెనీలో. కొన్నవాళ్లెవరైనా "మీ సరుకు బాగాలేదు" అని ఫిర్యాదు చేస్తే, వెళ్లి సంగతేమిటో తేల్చుకురావడం ఆమె ఉద్యోగం. వెళ్లిన ప్రతిచోటా తప్పు కొన్నవాళ్లదేనని తేలేది. ఒకచోట ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడటం లేదు. ఇంకోచోట పక్క సీసాలోది కలిపేశారు. ఆమె గొంతు పెంచదు, ఎవరినీ చులకన చేయదు. నవ్వుతూనే నాలుగు ప్రశ్నలు వేస్తుంది. నాలుగోదానికి వచ్చేసరికి ఎదుటివాళ్లే నాలిక కరుచుకుంటారు.

"ప్లీడరమ్మ పట్టిన కేసు ఓడిపోవడమా!" అని మేనేజరు మురిసిపోయేవాడు. ఆ పేరంటే ఆమెకూ లోలోపల ముచ్చటగానే ఉండేది.

ఒకరోజు ఒక కాలేజీ నుంచి ప్రొఫెసర్ ఫోన్ చేసి, హలో కూడా అనకుండా అందుకున్నాడు.

"మీరు పంపింది ప్రొటీనా, మొహానికి రాసుకునే పౌడరా?"

"ఏం జరిగిందో చెప్తారా సర్?"

"ఏమీ జరగలేదు. అదే కదా గొడవ! గీత పూడలేదు. మీది వేసిన డిష్‌లోనూ పూడలేదు, వేయనిదాంట్లోనూ పూడలేదు. మావాళ్లు తప్పు చేసుంటారు అని మాత్రం అనకండి. ఈ పని చేసింది మా అక్క. మా అక్క చెయ్యి తప్పడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు."

ఆయన అడిగిన ప్రొటీన్ మనిషి ఒంట్లో గాయం మానేచోట ఊరుతుంది. పెరగండి, కదలండి అని చర్మకణాలకు కబురు చెప్పేది అదే. కంపెనీలో దాన్ని మనిషి నుంచి తీయరు. దాన్ని తయారుచేసే జన్యువుకు నకలు తీసి బ్యాక్టీరియాలో పెడతారు. పెద్ద స్టీలు పీపాల్లో ఆ బ్యాక్టీరియాను పెంచి, అవి చేసిపెట్టిన ప్రొటీన్‌ను శుభ్రం చేసి ఆరబెడతారు. అంత తతంగం జరిగాక చిటికెనవేలంత సీసా అడుగున కనీకనిపించని తెల్లటి పొర మిగులుతుంది. సీసా మీద "పరిశోధనకు మాత్రమే, మనుషులకు వాడరాదు" అని రాసి ఉంటుంది.

అది పనిచేస్తోందో లేదో చూడటానికి ల్యాబులో ఒక పద్ధతి ఉంది. గుండ్రటి ప్లాస్టిక్ డిష్ అడుగున చర్మకణాలను తివాచీ పరిచినట్టు పెంచుతారు. సన్నటి ప్లాస్టిక్ మొనతో ఆ తివాచీ మీద అడ్డంగా ఒక్క గీత గీస్తారు. గీత గీసినచోట కణాలు లేచిపోయి బాట పడుతుంది. ప్రొటీన్ మంచిదైతే అటువైపు కణాలూ ఇటువైపు కణాలూ కదిలివచ్చి, తెల్లారేసరికి ఆ బాట పూడిపోతుంది.

ప్రొఫెసర్ పంపిన ఫొటోలను ప్లీడరమ్మ పెద్దవి చేసి చూసింది. బాట పూడలేదు, నిజమే. కానీ ఆమె చూపు వేరేచోట ఆగింది. తిన్నగా ఉండాల్సిన గీత పాము పాకిన జాడలా ఉంది. ఒకచోట సన్నం, ఒకచోట వెడల్పు. అంచుల్లో కణాలు చిరిగి వేలాడుతున్నాయి.

"ఇది చెయ్యి తిరిగిన మనిషి పని కాదు" అంది మేనేజరుతో. "ఎవరో కొత్తగా చేరినవాళ్లు చేస్తే, ఈయన అక్కగారి పేరు చెప్తున్నాడు."

"ఇంకేం, కేసు గెలిచేశావు. వెళ్లిరా" అన్నాడాయన.

*

ల్యాబు మూడో అంతస్తులో, వరండా చివర ఉంది. పొడుగాటి గది. కిటికీల కింద బల్లలు, బల్లల మీద నీలంమూతల సీసాలు, మూలన గుర్రుమనే ఫ్రిజ్. ప్రొఫెసర్ పొట్టిగా, చురుగ్గా ఉన్నాడు. మనిషి ఎదురుగా కనబడేసరికి ఫోనులో ఉన్నంత కోపం లేదు కానీ, మాట మాత్రం తగ్గలేదు.

"ఈ ల్యాబు పెట్టిన నాటినుంచీ బల్ల దగ్గర పని మా అక్కదే మేడమ్. నేను రాస్తాను, ఆవిడ చేస్తుంది. పిల్లలందరికీ నేర్పిందీ ఆవిడే. కావాలంటే చూసుకోండి, ఎంతసేపైనా చూసుకోండి."

"నువ్వు క్లాసుకి పోరా బాబూ" అంది కిటికీ దగ్గర కూర్చున్న ఆవిడ. "నెత్తిమీద నిలబడితే ఏ పనీ సాగదు."

యాభై దాటిన మనిషి. తెల్లకోటు చేతులు మోచేతులదాకా మడిచి ఉన్నాయి. కళ్లజోడు తాడుకు వేలాడుతోంది. ల్యాబులో పిల్లలు ఆవిడను అక్కయ్యగారూ అని పిలుస్తున్నారు. తమ్ముడు వెళ్లాక ప్లీడరమ్మకు కుర్చీ చూపించి, ఫ్లాస్కూ గ్లాసూ ముందుకు జరిపింది.

"టీ పోసుకో అమ్మా. నువ్వే పోసుకో, మొహమాటపడకు."

ప్లీడరమ్మ పోసుకుంది. అక్కయ్య ఆమె తెచ్చిన కొత్త సీసాను బల్లమీదే ఉంచి, కళ్లజోడు పెట్టుకుని, మీదకు వంగి చదివింది.

"మనిషి ప్రొటీనే కానీ మనుషులకు మాత్రం పనికిరాదు! మా పక్కింటాయన కూడా సరిగ్గా ఇంతేనమ్మా."

ప్లీడరమ్మకు టీ పొలమారింది. ఇద్దరూ కాసేపు నవ్వుకున్నారు. తరువాత ప్లీడరమ్మ అలవాటు ప్రకారం మొదలుపెట్టింది. సీసా వచ్చాక ఎక్కడ పెట్టారు? దేనితో కరిగించారు? అక్కయ్య జవాబులన్నీ సరిగ్గా ఉన్నాయి. అడగనివి కూడా చెప్పింది.

"మరి గీత ఎవరు గీశారు అక్కయ్యగారూ?"

"నేనే."

"ఫొటోలు చూస్తే కొత్త చెయ్యిలా అనిపించింది. పిల్లలెవరైనా చేసుంటే చెప్పేయండి, నేను ఎవరినీ ఏమీ అనను."

"పిల్లలు చేయలేదు."

"అయితే నా ముందు ఒకసారి చేసి చూపిస్తారా?"

అక్కయ్య లేచి, కణాలను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ తలుపు తెరిచి, రెండు చేతులతో ఒక డిష్ తెచ్చి బల్లమీద పెట్టింది. కుర్చీ దగ్గరికి లాక్కుని, ప్లాస్టిక్ మొన తొడిగిన పిపెట్ అందుకుంది. కుడి మోచెయ్యి బల్లకు నొక్కిపెట్టి, ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుంది. పిపెట్ మొన డిష్ అంచుకు తగిలింది. టకటకటక. చలికి పళ్లు కొట్టుకున్నట్టు ఆగకుండా చప్పుడు. అక్కయ్య చెయ్యి తీసేసి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ పెట్టింది. మళ్లీ అదే చప్పుడు.

పిపెట్ పక్కన పెట్టేసింది.

"చూసేశావుగా" అంది.

ప్లీడరమ్మ చూడాలని వచ్చింది ఇదే. చూశాక, పరాయివాళ్ల ఇంటి తలుపు కొట్టకుండా లోపలికి వచ్చినట్టనిపించింది.

"ఎన్నాళ్లనుంచి?"

"వానలకు ముందునుంచి. మొదట్లో సంతకం వంకర పోయేది. తరవాత జాకెట్టు హుక్కులు. ఊరికే కూర్చుంటే ఏమీ ఉండదు, ఏదన్నా పట్టుకుంటేనే మొదలు. మా ఆయన చూసి కాఫీ తగ్గించమన్నాడు. తగ్గించా. కాఫీ పోయింది కానీ ఇది పోలేదు."

"డాక్టరుకు చూపించారా?"

"లేదమ్మా. ఏం రోగం పేరు చెప్తాడోనని భయం."

కోటు జేబులో చేతులు పెట్టుకుని, మెల్లగా మిగతాదీ చెప్పింది. ప్రొటీన్‌ను నీళ్లలో కరిగించేటప్పుడు సీసాను ఒడుపుగా, నెమ్మదిగా తిప్పాలి. ఆ ఒడుపు ఆవిడకు చేతకాకుండా పోయింది. ఒలికిపోతుందని భయపడి కుదిపే మిషను మీద పెట్టింది. నురగ వచ్చింది. నురగ వస్తే ఈ ప్రొటీన్ పాడైపోతుంది. అది ఆవిడకు తెలియని సంగతి కాదు. తెలిసీ, కళ్లు మూసుకుని, అదే వాడింది.

"మీ సరుకు మంచిదేనని నాకు తెలుస్తూనే ఉంది. కానీ వాడు 'తప్పు కంపెనీవాళ్లదే అక్కా' అన్నాడు చూడు, ఆ మాటతో నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. కాదురా అనలేకపోయా. ఇంతలో వాడు మీకు ఫోన్ చేసేశాడు."

వరండాలో పిల్లలు నవ్వుకుంటూ వెళ్తున్నారు. అక్కయ్య గొంతు తగ్గించింది.

"నీ ఉద్యోగం నువ్వు చేసుకో అమ్మా. నేనేమీ అనుకోను. వాడికి మాత్రం... ఎలా చెప్పాలో నాకే తెలియట్లేదు."

ప్లీడరమ్మ సెల్‌ఫోను బల్లమీద ఉంది. ఒక్క ఫోన్ చేస్తే కేసు ముగిసినట్టే. ఆమె ఫోను తీసి సంచిలో వేసుకుంది.

"కోటు ఇంకోటి ఉందా అక్కయ్యగారూ? నేనూ ఒకప్పుడు బల్ల దగ్గర పనిచేసినదాన్నే. మీరు చెప్పండి, నేను గీస్తాను."

మధ్యాహ్నమంతా వాళ్లిద్దరే పనిచేశారు. ప్లీడరమ్మ ప్రొటీన్ కరిగించింది. అక్కయ్య పక్కనే నిలబడి, "మెల్లగా... చంటిపిల్లను నిద్రపుచ్చుతున్నట్టు తిప్పు" అంది. మొన డిష్ మీద పెట్టాక ప్లీడరమ్మ భుజాలు బిగుసుకున్నాయి.

"ఊపిరి బిగబట్టకు. బిగబడితే గుండె చప్పుడు కూడా గీతలోకి వస్తుంది. వదిలేస్తూ, వదిలేస్తూ గీయి."

గీసింది. మరీ గొప్పగా రాలేదు కానీ తిన్నగానే వచ్చింది. అక్కయ్య మైక్రోస్కోపులో చూసి, "పరవాలేదు, మా పిల్లలకంటే నయం" అంది. ఆ మాటకు ప్లీడరమ్మకు కలిగిన సంతోషం కేసులు గెలిచినప్పుడు కూడా కలగలేదు.

సాయంత్రం లాడ్జిలో ఉండగా మేనేజరు ఫోన్ చేశాడు. "ఏమైంది, తేలిందా?"

"రేపు చెప్తాను సర్."

"నీకు కూడా రేపటిదాకా పడుతోందా!" అని నవ్వి పెట్టేశాడు.

*

పొద్దున ఆమె వెళ్లేసరికి అక్కయ్య అప్పటికే మైక్రోస్కోప్ ముందు ఉంది. పక్కకు జరిగింది. ప్లీడరమ్మ చూసింది. ప్రొటీన్ వేయని డిష్‌లో గీత అలాగే ఉంది. వేసిన డిష్‌లో ఆ బాట ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. రెండువైపులనుంచీ కణాలు వచ్చి ఒకదాన్నొకటి అంటుకుని, సందు లేకుండా నిండిపోయాయి.

అంతలో ప్రొఫెసర్ వచ్చాడు. తల వంచి మైక్రోస్కోపులో చూశాడు. తల ఎత్తేసరికి మొహం వెలిగిపోతోంది.

"చూశారా మేడమ్! మా అక్క చెయ్యి ఏమిటో చూశారా? నేనేం చెప్పాను మీకు?"

ప్లీడరమ్మ అక్కయ్య వైపు చూసింది. అక్కయ్య బల్ల అంచు పట్టుకుని నిలబడి ఉంది.

"అంటే ఇప్పుడు సంగతి తేలిపోయింది" అన్నాడాయన. "మీరు నిన్న తెచ్చిన సీసా మంచిది. ముందు పంపినవి చెత్త. అదే చెయ్యి, అదే పని, ఒకటి పూడింది, ఒకటి పూడలేదు. ఇంకేం కావాలి సాక్ష్యం? నాకు తెలిసిన ప్రతి ల్యాబుకీ చెప్తాను. మీ దగ్గర ఎవరూ కొనకుండా చేస్తాను. ఏమనుకోకండి, మీ మీద కోపం లేదు."

ప్లీడరమ్మ దగ్గర జవాబు ఉంది. ఒక్క వాక్యం చాలు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ వాక్యం తనది కాదనిపించింది. ఇలాంటి చోట ఆమె నోరు మూసుకోవడం ఇదే మొదటిసారి. పీపాల దగ్గర పనిచేసేవాళ్లు, సీసాలు నింపేవాళ్లు ఒక్కొక్కరే గుర్తొచ్చారు. అయినా మాట్లాడలేదు.

"ఆ గీత నాది కాదురా" అంది అక్కయ్య.

"ఏ గీత?"

"నువ్వు ఇందాక మురిసిపోయిన గీత. ఈ అమ్మాయి గీసింది. నాది ఎలా ఉంటుందో చూస్తావా?"

ఆయన ఏమీ అనకముందే ఖాళీ డిష్ ఒకటి ముందుకు లాక్కుని, పిపెట్ చేతిలోకి తీసుకుంది. ఈసారి మోచెయ్యి బల్లకు ఆనించలేదు, మణికట్టు పట్టుకోలేదు. మొన డిష్ అడుగున ఎగిరెగిరి పడింది.

ప్రొఫెసర్ కొంతసేపు ఆ చేతిని చూశాడు.

"పొద్దున ఏమీ తినలేదా?" అన్నాడు.

"తిన్నాను."

"రాత్రి నిద్ర పట్టి ఉండదు. నీకు నిద్ర లేకపోతే..."

"ఒరేయ్, ఇది ఒకరోజు సంగతి కాదు. నువ్వు పంపిన ఆ ఫొటోలన్నీ ఈ చేతివే. ప్రొటీన్ పాడుచేసింది కూడా ఈ చెయ్యే. వాళ్ల సరుకుకు ఏ వంకా లేదు. ఊరికే ఒకళ్ల మీద నింద వేస్తే నాకు ముద్ద దిగదు."

అప్పుడాయనకు కోపం వచ్చింది. ఏ కోపమో ఆయనకే తెలిసినట్టు లేదు.

"నాకు చెప్పవా? నాకు? నిన్నగాక మొన్న వచ్చిన మనిషికి చెప్పావు!"

"నేను చెప్పలేదు. ఆ అమ్మాయి చూసింది." అక్కయ్య పిపెట్ పక్కన పెట్టింది. "నువ్వు రోజూ నా ఎదురుగా కూర్చుని టీ తాగుతావు నాన్నా. నేను గ్లాసు ఎత్తడం మానేసి ఎన్నాళ్లయిందో నువ్వు చూడలేదు."

ఆయన వరండాలోకి వెళ్లిపోయాడు. తలుపు అద్దంలోంచి ఆయన వీపు కనిపిస్తోంది. గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ప్లీడరమ్మ సంచి భుజాన వేసుకుంది.

"నేను వెళ్తాను అక్కయ్యగారూ."

"ఉండమ్మా. వాడు వచ్చేదాకా ఉండు."

ప్లీడరమ్మ స్టూలు తెచ్చి ఆమెను కూర్చోబెట్టి, పక్కనే నిలబడింది. అక్కయ్య ఏడవలేదు. బల్లమీది పిపెట్లను వరసగా సర్దుతూ కూర్చుంది.

తిరిగి వచ్చినప్పుడు ప్రొఫెసర్ కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏ డాక్టరు దగ్గరికీ వెళ్లలేదు కదా?"

"లేదు."

"పద."

"ఇప్పుడా? డిష్‌లు బయట ఉన్నాయిరా, చల్లబడిపోతాయి."

"పోతే పోనీ!"

"అదేం మాట! వాటినెన్నాళ్లు పెంచాననుకున్నావు?"

"నేను లోపల పెడతాను, మీరు వెళ్లండి" అంది ప్లీడరమ్మ.

ఆయన అక్క వెనక నిలబడి, చిన్నపిల్లకు విప్పినట్టు తెల్లకోటు విప్పాడు. గుండీలు తీయబోతే ఆవిడ చేతులు అడ్డం వచ్చాయి. ఆ చేతుల్ని పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయాడు. తరువాత ఇద్దరూ మెట్లు దిగి వెళ్లారు. ప్లీడరమ్మ డిష్‌లు ఇంక్యుబేటర్‌లో పెట్టి, బల్ల తుడిచి, బస్సెక్కింది.

*

"తప్పెవరిదని తేలింది?" అన్నాడు మేనేజరు మర్నాడు.

"మనది కాదు సర్. కరిగించడంలో తేడా వచ్చింది. పొద్దున్నే ఫోన్ చేసి ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు."

"అద్దీ! ఇంతకీ ఆ అక్కగారు తప్పు ఒప్పుకుందా? ఆ ప్రొఫెసర్ మొహం ఎలా పెట్టాడు? చెప్పు, చెప్పు."

ఇంతకుముందైతే ఆమె అవన్నీ అభినయించి చూపించేది. నలుగురూ చుట్టూ చేరి నవ్వేవారు. ఈసారి, "అది వాళ్లింటి సంగతి సర్" అని తన కుర్చీలో కూర్చుంది.

అక్కయ్య నుంచి ఫోన్ వచ్చేసరికి చలి తగ్గి ఎండలు మొదలయ్యాయి.

"అమ్మాయ్, నువ్వు భయపడుతూ ఉంటావని చేశా. నేను అనుకున్న పెద్దరోగం కాదట. చెయ్యి వణకడం కొన్ని కుటుంబాల్లో ఉంటుందట. ఆలోచిస్తే మా నాయనమ్మ దీపం వెలిగించబోతే అగ్గిపుల్ల ఆడేది. మేము చలి అనుకునేవాళ్లం. మాత్రలిచ్చారు. గ్లాసు ఎత్తుతున్నా, సంతకం పెడుతున్నా. గీత మాత్రం ఇక గీయలేను."

ప్లీడరమ్మ ఊరడించబోయింది. అక్కయ్య ఆ అవసరం రానివ్వలేదు.

"అబద్ధమెందుకు, ఏడుపొచ్చింది. కోటు ఇంటికి తెచ్చేసి, ఇక వెళ్లనన్నాను. వాడు వారం రోజులు ఊరుకుని, ఒకరోజు పొద్దున్నే ఇంటికొచ్చి 'నాకు నేర్పు' అన్నాడు. 'ఇన్నాళ్లూ నువ్వు చేస్తే నేను పేరు తెచ్చుకున్నాను. నా చేతులకు ఏం చేతనవుతుందో చూద్దాం పద' అన్నాడు. ఇప్పుడు రోజూ క్లాసులకు ముందు బల్ల దగ్గర కూర్చుంటున్నాడు. గీత గీయమంటే కాలవ తవ్వుతున్నాడమ్మా! ఆ పెద్దపెద్ద ఉపన్యాసాలు ఇచ్చేవాడేనా వీడు అనిపిస్తుంది. తిట్టి తిట్టి నా గొంతు పోతోంది."

"ఆయన ఊరుకుంటున్నారా?"

"ఊరుకోక ఏం చేస్తాడు? చిన్నప్పుడు ఎక్కాలు తప్పితే తొడపాశం పెట్టేదాన్ని. ఇప్పుడు అది ఒక్కటే తక్కువ. కొత్తగా వచ్చిన పిల్లలకు మొదటిరోజే చెప్పేశా, నా చెయ్యి ఇలా వణుకుతుంది, చూసి దడుసుకోకండి, చెప్పింది వినండి అని. చెప్పాక తేలికైపోయింది. ఎందుకు దాచానో ఇప్పుడు నాకే అర్థం కాదు."

"ఈసారి అటు వచ్చినప్పుడు..."

"ఫిర్యాదు ఉంటేనే వస్తావా? ఊరికే రా. ఇంట్లో దిగు, ఆ లాడ్జి వద్దు."

అక్కయ్య వెనకనుంచి ప్రొఫెసర్ గొంతు వినిపించింది. "అక్కా, నిన్న పెట్టిన డిష్‌లు బయటికి తీయనా?"

"ముట్టుకోకు! చేతులు కడుక్కున్నావా ముందు? ఉండు, వస్తున్నా" అంటూ ఆవిడ ఫోను పెట్టేసింది.